మధ్యయుగ శిల్పాలు, మ్యూజియం ఫెలోషిప్: అపోహలు - వాస్తవాలు

యూరప్ మధ్యయుగ కొయ్య శిల్పాలను కాపాడే పని మీద మ్యూజియంలో ఫెలోషిప్ చేశానంటే మావాళ్లు ముందుగా అడిగేది, "విరిగిన ముక్కులు అతికిస్తావా?" అని.

అపోహ: పాత విగ్రహాన్ని కొత్తదానిలా చేయడమే ఈ పని.
వాస్తవం: ఉన్నది రాలిపోకుండా కాపాడటం మా పని. అతికించక తప్పకపోతే పారలాయిడ్ బి-72 అనే యాక్రిలిక్ జిగురు లాంటిది వాడతాం. రేపెవరైనా తీసేయాలనుకుంటే అసిటోన్‌తో కరుగుతుంది.

అపోహ: ఆ శిల్పాలకు రంగులు ఉండేవి కావు.
వాస్తవం: చాలావాటికి ఉండేవి. ప్యారిస్ నోత్రదామ్ చర్చి ముఖద్వారం మీది రాజుల రాతి విగ్రహాలను ఫ్రెంచి విప్లవంలో పగలగొట్టారు. 1977లో వాటి తలలు 21 మట్టిలోంచి బయటపడ్డాయి. ఇప్పటికీ వాటి మీద రంగు జాడలున్నాయి, క్లూనీ మ్యూజియంలో చూడొచ్చు.

అపోహ: చరిత్ర చదివేవాళ్లు వేరు, చేత్తో పనిచేసేవాళ్లు వేరు.
వాస్తవం: ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. ఆవగింజలో సగం కూడా లేని రంగు పెచ్చును రెజిన్‌లో (గట్టిపడే జిగురులాంటిది) పెట్టి, అరగదీసి, మైక్రోస్కోప్ కింద చూస్తాం. అడుగున సుద్ద, దాని మీద నీలం, ఆ పైన సన్నటి నల్లగీత, మళ్లీ ఇంకో రంగు. ఆ నల్లగీత దుమ్ము. అంటే నీలం చాలాకాలం పైకి కనబడుతూ ఉండేదన్నమాట. పై రంగు ఎవరు, ఎందుకు వేశారో తేలాలంటే చర్చి లెక్కలు, పాత ఒప్పందాలు తిరగేయాల్సిందే. జర్మనీలో మ్యూనర్‌స్టాట్ చర్చికి రీమెన్‌ష్నైడర్ అనే శిల్పి 1490లలో రంగు వేయకుండానే శిల్పాలు చెక్కి ఇచ్చాడు. పదేళ్లు దాటాక వాటికి రంగు వేసింది ఫైట్ ష్టోస్, ఆయనా గొప్ప శిల్పే. తర్వాత వేసిందల్లా మురికేనని తుడిచేస్తే ఎవరి పని పోతుందో ఆలోచించండి. అందుకే చరిత్ర చదివేవాళ్లనీ, చేత్తో పనిచేసేవాళ్లనీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టే ఫెలోషిప్‌లు కావాలంటాను.

అపోహ: ఫైన్ ఆర్ట్స్ చదివితే చాలు.
వాస్తవం: కెమిస్ట్రీ తప్పదు.

అపోహ: శుభ్రం చేయాలంటే ఘాటు కెమికల్స్ ఉండాలి.
వాస్తవం: పుల్లకు దూది చుట్టి, నోట్లో తడిపి తుడవడం పాత పద్ధతి. ఉమ్మిలోని ఎంజైమ్‌లు మురికిని మెల్లగా వదిలిస్తాయి. "దేవుడి బొమ్మకు ఎంగిలా?" అని అమ్మ నొచ్చుకుంది. మొదట్లో నాకూ చేయి రాలేదు. ఉమ్మిని పోలిన ద్రావణం తయారుచేసుకునీ వాడతారు. ఏది వాడినా, ముందు కనబడని మూల చిన్న చుక్కంత చోట పరీక్షించాలి. దూది నల్లబడితే మురికి వస్తున్నట్టు. నీలం అంటిందా, వెంటనే చేయి ఆపేయాలి.