తిరిగే చక్రం బరువు తగ్గుతుందా?

ఆర్కే బీచ్‌లో కుర్సురా జలాంతర్గామి చూసొచ్చిన ఇంటర్ కుర్రాడొకడు అడిగాడు: "సార్, జైరోస్కోప్, అంటే ఇరుసు మీద గిర్రున తిరిగే బరువైన చక్రం, వేగంగా తిరిగితే బరువు తగ్గుతుందట, నిజమేనా?"

కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదు. 1974లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో, లీనియర్ మోటార్లతో (గుండ్రంగా తిప్పకుండా తిన్నగా నెట్టే మోటార్లు) పేరు తెచ్చుకున్న ప్రొఫెసర్ ఎరిక్ లైత్‌వైట్ బరువైన జైరోస్కోప్‌ను తిప్పి, అవలీలగా పైకెత్తి చూపించాడు. న్యూటన్ సూత్రాలు దీనికి చాలవని వాదించాడు.

మేమూ అల్లిపురంలో ఒక సైకిల్ షాపు నుంచి పాత చక్రం తెచ్చాం. ఇరుసు ఒక కొసకు గొట్టం బిగించి, దాని చివర తాడు కట్టి, లగేజీ తూచే మెషీన్‌కు వేలాడదీశాం. గట్టిగా తిప్పి చేయి వదిలితే చక్రం కింద పడలేదు. ఇరుసు అడ్డంగానే నిలిచి, తాడు చుట్టూ మెల్లగా తిరిగింది.

క్లాసులో ఇక్కడ ఎటు తిరుగుతుందో చెప్పే సూత్రమంటూ కుడిచేతి బొటనవేలు చూపించి ముందుకెళ్లిపోతాం. నాకది ఎప్పుడూ నచ్చలేదు. ట్యూబు వాల్వు ఒక్కదాన్నే చూడండి. చక్రం కిందికి వాలాలంటే పై అంచు తాడుకు దూరంగా, కింది అంచు తాడు వైపు కదలాలి. కాబట్టి వాల్వు పై సగంలో ఉన్నంతసేపూ దాన్ని బయటికి తోస్తున్నట్టే. ఆ తోపులన్నీ పోగై బయటికి పోయే వేగం గరిష్ఠమయ్యేసరికి వాల్వు పైన ఉండదు, పావు చుట్టు తిరిగి పక్కకు వచ్చేసి ఉంటుంది. కింది సగంలో ఇదే తిరగబడుతుంది. అలా చక్రం ఒక పక్క బయటికి, ఎదురు పక్క లోపలికి జరుగుతుంది. వాలాల్సింది పక్కకు తిరుగుతుంది!

లెక్క కూడా కుదురుతుంది. బరువంతా రిమ్ములోనే ఉందనుకుని, వ్యాసార్ధం 0.3 మీటర్లు, తాడు నుంచి చక్రానికి దూరం 0.1 మీటరు, చక్రం వేగం సెకనుకు 20 రేడియన్లు (మూడు చుట్లకు కాస్త ఎక్కువ) తీసుకుంటే తాడు చుట్టూ ఒక చుట్టుకు దాదాపు 11.5 సెకన్లు. చక్రం వేగం సగానికి పడితే ఈ చుట్టు అంతకు రెట్టింపు జోరుగా సాగుతుంది.

మరి లైత్‌వైట్ చేతికి ఎందుకు తేలికైంది? నీళ్ల బకెట్‌ను చాచిన చేత్తో పట్టుకుంటే మణికట్టు విరిగిపోతుందేమో అనిపిస్తుంది. ఒంటికి ఆనిస్తే అదే బకెట్ హాయి. చక్రం పక్కకు తిరుగుతున్నంతసేపూ మణికట్టును మెలిపెట్టే భారం ఉండదు, మోయాల్సింది బరువొక్కటే. ఆ తిరుగుడును చేత్తో ఇంకాస్త తొందరపెడితే చక్రం తనంతట తానే పైకి లేస్తుంది.

1989లో జపాన్‌కు చెందిన హయసక, తకేయుచి జైరోస్కోప్ కుడివైపు తిరిగితే కొన్ని మిల్లీగ్రాములు తగ్గిందన్నారు. మరుసటి ఏడాదే వేరే ల్యాబుల్లో జాగ్రత్తగా తూచి చూశారు. తగ్గుదల కనబడలేదు.

మా మెషీన్‌లో అంకె వణికింది మాత్రం నిజం. చేయి వదలగానే చక్రం ముందు కొంచెం కిందికి దిగుతుంది. ఆ క్షణంలో తూకం తగ్గి, అది ఆగేటప్పుడు పెరుగుతుంది. కుదురుకున్నాక పాత అంకే వచ్చింది. కుర్రాడు మళ్లీ తిప్పాడు, ఈసారి ఎడమవైపు.