పసిపిల్లల పొట్టకు ఫాస్ట్‌ఫుడ్ కొలత సరిపోతుందా?

పెద్దవాళ్లు బర్గరో ఫ్రైసో తింటూ ఉంటే, ఒడిలో కూర్చున్న ఏడాది బిడ్డ దానికోసం చేయి చాచడం సహజం. ఆ చేతిలో ఒక ముక్క పెట్టాలా వద్దా అన్న సందేహం కలిగినప్పుడు చాలామందికి తోచే మాట ఒకటే: ఒక్క ముక్కకు ఏమవుతుంది? ముక్క మెత్తగా ఉండి గొంతుకు అడ్డం పడనిదైతే నిజంగానే ఏమీ కాదు. ఈ సంగతి ముందే ఒప్పుకోవడం మంచిది. ఎప్పుడో ఒకసారి పెట్టిన తల్లిదండ్రులను దోషులుగా నిలబెట్టడం వల్ల ఏ బిడ్డకూ మేలు జరగదు. అసలు తేల్చుకోవలసిన విషయం వేరే ఉంది. ఆ తిండి ఏ వయసులో, ఎంత తరచుగా, ఏ తిండికి బదులుగా బిడ్డ పొట్టలోకి వెళుతోంది? శాస్త్రం ఇప్పటివరకు తెలిపిన దాన్ని బట్టి నా అభిప్రాయం ఇది: రెండేళ్లు నిండేవరకు ఫాస్ట్‌ఫుడ్ బిడ్డ ఆహారంలో భాగం కాకూడదు, ఆ తర్వాత అరుదుగా తింటే పెద్ద ముప్పు లేదు కాని, అలవాటైతే ఉంది. ఆ తిండి విషం కనుక ఈ మాట అనడం లేదు. అది పెద్దవాళ్ల ఒంటికి, పెద్దవాళ్ల నాలుకకు కొలత తీసి తయారుచేసిన తిండి. పసిపిల్లల కొలత పూర్తిగా వేరు.

ముందుగా పొట్ట కొలతే చూద్దాం. పసిపిల్లల జీర్ణాశయంలో ఒకసారికి పట్టే ఆహారం, వారి బరువులో ప్రతి కిలోకు సుమారు 30 గ్రాములని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క వేసింది. అంటే ఎనిమిది కిలోల బిడ్డ ఒక పూటకు తినగలిగింది 240 గ్రాములకు మించదు. తల్లిపాలు తాగుతున్న బిడ్డకు పాలు కాక మిగతా ఆహారం నుంచి రావలసిన శక్తి రోజుకు 6–8 నెలల వయసులో దాదాపు 200 కిలోకేలరీలు, 9–11 నెలల్లో 300, ఏడాది నుంచి రెండేళ్ల మధ్య 550. ఈ కొద్దిపాటి చోటులోనే ఇనుము, జింకు, మాంసకృత్తులు, విటమిన్లు అన్నీ ఇమడాలి. ఇనుము సంగతి చూస్తే ఈ ఇరుకు ఎంతటిదో తెలుస్తుంది. పుట్టుకతో వచ్చిన ఇనుము నిల్వలు ఆరు నెలల ప్రాంతానికి తరిగిపోతాయి, తల్లిపాలలో ఇనుము స్వల్పం. అందువల్ల 7–12 నెలల బిడ్డకు రోజుకు 11 మిల్లీగ్రాముల ఇనుము కావాలని అమెరికా పోషకాహార ప్రమాణాలు చెబుతున్నాయి. అవే ప్రమాణాల ప్రకారం ఎదిగిన మగవాడికి చాలినది 8 మిల్లీగ్రాములే! అదే కాలంలో మెదడు వేగంగా పెరుగుతూ, విశ్రాంతిలో శరీరం ఖర్చుచేసే శక్తిలో సగానికి పైగా తానే వాడుకుంటుంది. ఆ దశలో ఇనుము లోటు ఏర్పడితే, తర్వాత పూడ్చినా నేర్చుకునే శక్తిపై దాని ప్రభావం కొంత మిగిలిపోవచ్చు.

ఇటువంటి పొట్టలోకి గుప్పెడు ఫ్రైస్, నాలుగు గుక్కల కోలా వెళ్లాయనుకోండి. ఒక 330 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో సుమారు 35 గ్రాముల చక్కెర, 140 కిలోకేలరీలు ఉంటాయి. ఏడాదిన్నర బిడ్డ దాన్ని రోజు మొత్తంలో కొంచెం కొంచెంగా తాగినా, పాలు కాక ఇతర ఆహారం నుంచి రావలసిన శక్తిలో నాలుగోవంతు దానితోనే నిండిపోతుంది. అందులో ఇనుము లేదు, మాంసకృత్తులు లేవు, పైగా కెఫీన్ ఉంది. బిడ్డకు ఆకలి తీరుతుంది, పోషణ అందదు. పసితనంలో ఫాస్ట్‌ఫుడ్ చేసే హానిలో ఎక్కువ భాగం దానిలో ఉన్నవాటి వల్ల కాక, అది తోసిపుచ్చిన ఆహారం వల్ల జరుగుతుందన్నది నా నమ్మకం. బర్గర్‌లోని మాంసంలో ఇనుము ఉంటుంది కదా అని ఎవరైనా అడిగితే, ఉంటుంది, కాదనలేం. అయితే అది ఒంటరిగా రాదు, ఉప్పును వెంటబెట్టుకొని వస్తుంది.

ఏడాది లోపు బిడ్డకు రోజంతటికీ కలిపి ఒక గ్రాము ఉప్పు కూడా మించకూడదని, ఏడాది నుంచి మూడేళ్ల వయసులో 2 గ్రాములు దాటకూడదని బ్రిటన్ ఆరోగ్య సేవ సూచిస్తుంది. ఒక చిన్న చీజ్‌బర్గర్‌లోనే ఒకటిన్నర గ్రాములకు పైగా ఉప్పు ఉండడం మామూలు. పక్కన ఫ్రైస్, సాస్ చేరితే రెండేళ్ల బిడ్డకు రోజంతటికీ చాలవలసిన ఉప్పు ఒక్క పూటలోనే దాటిపోతుంది. పుట్టినప్పుడు మూత్రపిండాల వడపోత శక్తి తక్కువగా ఉండి, పెద్దల స్థాయికి చేరడానికి ఏడాది నుంచి రెండేళ్లు పడుతుంది. ఈ లోపల అదనపు ఉప్పును బయటికి పంపే పని వాటికి భారం.

ఆ భారం ఆ రోజుతో పోతుందా, మిగిలి ఉంటుందా అన్నదానిపై నెదర్లాండ్స్‌లో జరిగిన ఒక పరిశోధన ఆలోచింపజేస్తుంది. అక్కడ 476 మంది నవజాత శిశువులను చీటీ పద్ధతిలో రెండు గుంపులు చేసి, ఆరు నెలల పాటు ఒక గుంపుకు సోడియం (ఉప్పులో ఉండే ముఖ్య మూలకం) తక్కువ ఉన్న ఆహారాన్ని, మరొక గుంపుకు ఆనాటి మామూలు ఆహారాన్ని ఇచ్చారు. ఆ కాలం ముగిసేసరికి తక్కువ సోడియం గుంపులో రక్తపోటు పై అంకె సగటున 2.1 మిల్లీమీటర్లు తక్కువగా ఉన్నట్టు 1983లో ప్రకటించారు. ఆరు నెలల తర్వాత ఎవరి తిండి వారిదే అయింది. అయినా పదిహేనేళ్లకు వారిలో దొరికిన పిల్లలను మళ్లీ పరీక్షించినప్పుడు ఆ తేడా 3.6 మిల్లీమీటర్లుగా కనిపించింది. రెండోసారి అందరూ దొరకలేదు కనుక ఈ ఒక్క ఫలితం మీదనే తీర్పు చెప్పలేం. కాని మొదటి నెలల ఉప్పు జాడ యుక్తవయసు వరకు ఉండవచ్చన్న సూచన నాకు చిన్నదిగా తోచదు.

చక్కెర విషయంలో ఇంతకంటే పెద్ద ఆధారం చరిత్ర నుంచే దొరికింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్‌లో మొదలైన చక్కెర రేషన్ 1953 సెప్టెంబరులో ముగిసింది. ముగియగానే దేశంలో చక్కెర వాడకం ఇంచుమించు రెట్టింపైంది. అంటే కొద్ది నెలల తేడాతో పుట్టిన పిల్లల్లో కొందరి పసితనం తక్కువ చక్కెరతోనూ, మరికొందరి పసితనం ఎక్కువ చక్కెరతోనూ గడిచింది. ఎవరూ తలపెట్టకుండానే ఒక ప్రయోగం జరిగిపోయిందన్నమాట. ఆ రోజుల్లో పుట్టిన సుమారు 60,000 మంది ఆరోగ్య వివరాలను పరిశీలించిన పరిశోధకులు 2024లో ఫలితాలను ప్రకటించారు. గర్భంలో ఉన్న కాలంతో కలిపి మొదటి వెయ్యి రోజులు రేషన్ కింద గడిపినవారికి పెద్దయ్యాక రెండో రకం మధుమేహం వచ్చే ముప్పు దాదాపు 35 శాతం, అధిక రక్తపోటు ముప్పు 20 శాతం తక్కువగా ఉన్నాయి. జబ్బు వచ్చినవారిలో కూడా మధుమేహం నాలుగేళ్లు, రక్తపోటు రెండేళ్లు ఆలస్యంగా వచ్చాయి. ఆ రోజుల్లో బ్రిటన్‌లో నేటి ఫాస్ట్‌ఫుడ్ గొలుసు దుకాణాలు లేవు కనుక ఇది నేరుగా ఫాస్ట్‌ఫుడ్ గురించిన పరిశోధన కాదు. అయినా తీపి పానీయం, తీపి సాస్, తీపి బన్ను కలిసివచ్చే భోజనం గురించి ఆలోచించేటప్పుడు దీన్ని పక్కన పెట్టలేం. ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పిల్లలకు చక్కెర పానీయాలు, చక్కెరా ఉప్పూ ట్రాన్స్ కొవ్వులూ (నూనెలను గట్టిపరిచినప్పుడు ఏర్పడే హానికరమైన కొవ్వులు) ఎక్కువగా ఉన్న పదార్థాలు పెట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది.

కొవ్వు గురించి మాత్రం ఒక అపోహను తొలగించాలి. ఫాస్ట్‌ఫుడ్‌లో కొవ్వు ఎక్కువ, అందుకే పిల్లలకు పనికిరాదు అనడం సరైన వాదన కాదు. ఎదిగే మెదడుకు కొవ్వు తప్పనిసరి. ఏడాది నుంచి మూడేళ్ల వయసులో శక్తిలో 30 నుంచి 40 శాతం కొవ్వు నుంచే రావచ్చు. పెద్దల ఆహార నియమాలు చూసి పసిపిల్లలకు వెన్న తీసిన పాలు పట్టడం కూడా పొరపాటే.

అన్నిటికంటే ముఖ్యమని నాకు తోచేది రుచి. నాలుక ఖాళీ పలక కాదు: తీపిని ఇష్టపడడం, చేదును తిరస్కరించడం పుట్టుకతోనే వస్తాయి. ఉప్పుపై ఇష్టం నాలుగు నుంచి ఆరు నెలల మధ్య తలెత్తుతుంది. మిగిలిన రుచులన్నీ పరిచయంతో నేర్చుకోవలసినవే, ఆ చదువు పుట్టకముందే మొదలవుతుంది. గర్భవతిగా ఉన్నప్పుడు గానీ, పాలిచ్చే కాలంలో గానీ తల్లులు క్యారట్ రసం తాగితే, బిడ్డలు తర్వాత క్యారట్ కలిపిన ఆహారాన్ని ఎక్కువ ఇష్టంగా స్వీకరించారని జూలీ మెనెల్లా అనే పరిశోధకురాలి బృందం 2001లో చూపింది; ఉమ్మనీటి ద్వారా, పాల ద్వారా ఆ వాసన బిడ్డకు అప్పటికే పరిచయమైంది. కొత్త కూరగాయను బిడ్డ ఉమ్మేస్తే నచ్చలేదని తేల్చేస్తాం. నిజానికి ఒకే పదార్థాన్ని బలవంతం లేకుండా ఎనిమిది పది సార్లు ముందుంచాక చాలామంది పిల్లలు దాన్ని స్వీకరిస్తారు. రెండేళ్లు దాటాక కొత్త తిండి అంటే బెదురు పెరుగుతుంది కనుక ఈ పరిచయాలకు అనువైన కాలం నిజంగా చిన్నదే. ఆ కాలంలో ఎప్పుడూ ఒకే తీరున ఉండే ఉప్పదనానికి, తీపికి, కరకరకు రుచి మరిగితే, చప్పని ఉడికిన కూరగాయ ఆ పోటీలో నిలవడం కష్టం.

ఇక్కడ క్లారా డేవిస్ అనే అమెరికన్ వైద్యురాలు 1926లో మొదలుపెట్టిన ప్రయోగం గుర్తుకు వస్తుంది. పాలు మాన్పించే వయసులో ఉన్న 15 మంది శిశువుల ముందు రకరకాల ఆహారాలు పెట్టి, ఏది తినాలో ఎంత తినాలో వారికే వదిలేశారు. నర్సులు ఫలానాది తినమని చెప్పకూడదు, చూపించకూడదు. ఒక్కొక్కరూ ఒక్కో తీరుగా తిన్నా, అందరూ ఆరోగ్యంగా పెరిగారు. పిల్లల ఒంటికి ఏం కావాలో వారికే తెలుసు అని చెప్పడానికి ఈ ప్రయోగాన్ని ఇప్పటికీ కొందరు ఉదాహరిస్తారు. కాని కిటుకు ఆహార జాబితాలోనే ఉందని డేవిస్ 1939లో తానే వివరించారు. వారి ముందు పెట్టినవన్నీ ధాన్యాలు, కూరగాయలు, పండ్లు, మాంసం, గుడ్లు, పాలు వంటి సహజమైన పదార్థాలు; చక్కెర గానీ, డబ్బా ఆహారం గానీ అందులో లేవు. ఎంచుకునే స్వేచ్ఛ బిడ్డది, ముందేం పెట్టాలన్న బాధ్యత పెద్దలది. పిల్లవాడే అడుగుతున్నాడు కదా అనే మాటకు ఇంతకంటే మంచి జవాబు నాకు కనపడలేదు.

పోషణతో సంబంధం లేని కొన్ని అపాయాలు కూడా ఉన్నాయి. నమలడానికి పనికివచ్చే దవడ పళ్లు ఏడాది దాటాకే వస్తాయి, రెండో జత రెండేళ్ల ప్రాంతంలో వస్తుంది. గుండ్రంగా కోసిన సాసేజ్ ముక్క పసివారి శ్వాసనాళాన్ని బిరడాలా మూసేయగలదు. బర్గర్‌కు వాడే ఖీమాలో మాంసం పైభాగంలోని సూక్ష్మజీవులు లోపలంతా కలుస్తాయి కాబట్టి సరిగా ఉడకని బర్గర్ ప్రమాదకరం. 1993లో అమెరికాలో అటువంటి బర్గర్ల వల్ల 700 మందికి పైగా జబ్బుపడి, నలుగురు పిల్లలు మరణించారు. తేనె కలిసిన సాస్‌ను ఏడాది లోపు బిడ్డకు నాకించడం కూడా తగదు.

రెండేళ్లు దాటాక పరిస్థితి మారుతుంది. అక్కలు, అన్నలు, తోటిపిల్లలు తినేది కంటబడుతుంది, అట్ట మీది బొమ్మలు గుర్తుంటాయి. మూడు నుంచి ఐదేళ్ల వయసున్న 63 మంది పిల్లలకు ఒకే పదార్థాన్ని రెండు పొట్లాల్లో, ఒకటి మామూలుదీ మరొకటి మెక్‌డొనాల్డ్స్ గుర్తు ఉన్నదీ, పెట్టి చూసినప్పుడు గుర్తు ఉన్నదే రుచిగా ఉందని ఎక్కువమంది చెప్పినట్టు 2007లో తేలింది. ఆ పదార్థాల్లో క్యారట్లు, పాలు కూడా ఉన్నాయి! ఇంత లేత మనసుల మీద వ్యాపార ప్రకటన పనిచేయడం నాకు బాధ కలిగించే విషయం. అలాగని ఇంట్లో పూర్తి నిషేధం పెట్టి, కళ్లెదుట ఉంచి అందనివ్వకపోతే పిల్లలకు ఆ తిండిపై యావ పెరుగుతుందని లీయన్ బర్చ్ వంటి పరిశోధకులు చూపారు. ఏదైనా తిండిని బహుమతిగా ఇస్తే దానిపై ఇష్టం పెరుగుతుందనీ వారే చూపారు. కూర తింటే ఫ్రైస్ కొనిపెడతానని చెప్పినప్పుడు, కూర శిక్ష అనీ ఫ్రైస్ కానుక అనీ బిడ్డ నేర్చుకుంటుంది.

ప్రయాణంలోనో, వేరే దారి లేని రోజునో మూడేళ్ల బిడ్డ అక్కడ తినవలసి వస్తే, తీపి పానీయానికి బదులు నీళ్లో పాలో ఇవ్వడం, సాస్ పక్కన పెట్టేయడం, ఫ్రైస్ మీద ఉప్పు చల్లవద్దని ముందే చెప్పడం, అన్నింట్లోనూ చిన్న పరిమాణం తీసుకోవడం సాధ్యమే. ఇంకొకటి కూడా ఉంది. పళ్లెంలో ఎంత పెట్టినా మూడున్నరేళ్ల పిల్లలు తమ ఆకలి మేరకే తిన్నారని, ఐదేళ్లవారు మాత్రం ఎక్కువ పెడితే ఎక్కువ తిన్నారని 2000లో జరిగిన ఒక పరిశోధనలో తేలింది. ఆకలి తీరగానే ఆపేసే ఆ నేర్పు పసివారిలో ఇంకా చెక్కుచెదరకుండా ఉంటుంది. బిడ్డ సగం తిని పళ్లెం పక్కకు నెట్టినప్పుడు, డబ్బు పెట్టి కొన్నాం కదా అని మిగిలిన సగం బుజ్జగించి తినిపించవలసిన పనిలేదు.