పేగు చెడితే మతి పోతుందా? అపోహలు, వాస్తవాలు

పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు), మతిమరుపు జబ్బులున్న పెద్దవాళ్లకు వైద్యం చేస్తుంటాను. ఈమధ్య మందుల కన్నా పేగుల గురించే ఎక్కువ మంది అడుగుతున్నారు. అడగడం మంచిదే. కానీ ఎక్కడో సగం విని, ఉన్న మందులు ఆపేసి వచ్చేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

అపోహ: వణుకు మెదడు జబ్బు, దానికి పేగుతో ఏం సంబంధం?

సంబంధం ఉంది. 1817లో జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బును వర్ణించినప్పుడే మలబద్ధకం గురించి కూడా రాశాడు. చాలామందిలో వణుకు మొదలవడానికి ఏళ్ల ముందే, ఒక్కోసారి పదేళ్లకు పైగా ముందే, మలబద్ధకం కనిపిస్తుంది. ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రొటీన్ పేగు నరాల్లో ముద్దకట్టడం మొదలై, పేగునూ మెదడునూ కలిపే వేగస్ నరం వెంట మెదడుకు పాకవచ్చని 2003లో జర్మనీ శాస్త్రవేత్త హైకో బ్రాక్ బృందం ప్రతిపాదించింది. అందరిలోనూ అలాగే జరుగుతుందని చెప్పలేం. కొందరిలో మెదడులోనే మొదలవుతుందని ఇప్పుడు చాలామంది పరిశోధకులు అనుకుంటున్నారు.

ఇది చదివి టెన్షన్ పడకండి. మలబద్ధకం ఉన్నవాళ్లలో అత్యధికులకు పార్కిన్సన్స్ ఎప్పటికీ రాదు.

అపోహ: పేగులో తయారైన సెరటోనిన్ (మనసు స్థితిని ప్రభావితం చేసే రసాయనం) మెదడుకు చేరి మనసును బాగుచేస్తుంది

ఒంట్లోని సెరటోనిన్‌లో 90 శాతానికి పైగా పేగులోనే తయారవుతుంది, నిజమే. కానీ రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడను దాటడం దానివల్ల కాదు. మెదడు తనకు కావలసింది తానే తయారు చేసుకుంటుంది.

అపోహ: రోగనిరోధక శక్తి ఎంత పెరిగితే అంత మంచిది

అన్నిటికన్నా ఎక్కువ హాని చేసే అపోహ ఇదే. వయసు పెరిగేకొద్దీ కొత్త ఇన్ఫెక్షన్లను ఎదుర్కొనే సత్తా తగ్గుతుంది. అదే సమయంలో సన్నని సెగలాంటి వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఒంట్లో ఆరకుండా కొనసాగుతుంది. 2000లో ఇటలీ శాస్త్రవేత్త క్లాడియో ఫ్రాన్సెస్కి దీనికి ‘ఇన్‌ఫ్లమేజింగ్’ అని పేరు పెట్టారు. అంటే పెద్దవయసులో సమస్య ఒక్క బలహీనతే కాదు, అనవసరమైన మంట కూడా.

పేగు ఇక్కడే లెక్కలోకి వస్తుంది. మన రోగనిరోధక కణాల్లో పెద్ద భాగం పేగు గోడ దగ్గరే ఉంటుంది. మనం తిన్న పీచుపదార్థాన్ని పేగులోని బ్యాక్టీరియా పులియబెట్టి బ్యూటిరేట్ లాంటి చిన్న కొవ్వు ఆమ్లాలను తయారుచేస్తాయి. పేగు లోపలి పొరకు బలం వాటినుంచే. ఆ పొర పలచబడితే బ్యాక్టీరియా తునకలు రక్తంలోకి జారి వాపును రేపుతాయి. రక్తంలోని ఆ సంకేతాలు అందితే మెదడులో కాపలా కాసే మైక్రోగ్లియా కణాలు కూడా ఉద్రిక్తమవుతాయి. బ్యాక్టీరియా లేకుండా పెంచిన ఎలుకల్లో ఈ కణాలు సరిగా ఎదగలేదని 2015లో తేలింది. ఎలుకల్లో తేలిందంతా మనుషులకు వర్తించదు, కానీ పేగు నుంచి మెదడుకు దారి ఉందని మాత్రం తెలిసింది.

అపోహ: పెద్దవాళ్లు ఉన్నట్టుండి అయోమయంగా మాట్లాడితే వయసు ప్రభావమే

కాదు. రెండు మూడు రోజుల్లో మనిషి మారిపోతే, పగలు మత్తుగా, రాత్రి గాభరాగా ఉంటే, అది డెలీరియం, అంటే ఒంట్లోని వేరే సమస్య వల్ల ఉన్నట్టుండి వచ్చే అయోమయం, కావచ్చు. మూత్రంలో ఇన్ఫెక్షన్, నిమోనియా, నీళ్లు తక్కువవడం, ఒక్కోసారి గట్టి మలబద్ధకం కూడా దానికి కారణమవుతాయి. జ్వరం లేకపోయినా సరే, వెంటనే చూపించండి.

అపోహ: ప్రోబయోటిక్ (మేలుచేసే బ్యాక్టీరియా ఉన్న) మాత్రలతో మతిమరుపు తగ్గుతుంది

అలా నిరూపణ కాలేదు. మాత్రలో ఉన్న బ్యాక్టీరియా కొందరి పేగులో అసలు నిలవదు కూడా. ఆహారంలో పీచు, నడక, సరిపడా నీళ్లు మీదే నాకు ఎక్కువ నమ్మకం.

అపోహ: పార్కిన్సన్స్ మందు లెవోడోపా పనిచేయకపోతే జబ్బు ముదిరినట్టే

తప్పకుండా అలాగే అనుకోనక్కర్లేదు. ఆ మందు చిన్నపేగులో ఒంటికి పడుతుంది. కడుపు నెమ్మదిగా ఖాళీ అయినా, ప్రొటీన్ ఎక్కువున్న భోజనంతో కలిసినా సరిగా అందదు. పేగులోని కొన్ని బ్యాక్టీరియా దాన్ని దారిలోనే మార్చేస్తాయని 2019లో బయటపడింది. అందుకే డోసు సొంతంగా పెంచకండి, ఆపకండి. మందు ఎన్నింటికి వేసుకున్నారు, భోజనం ఎప్పుడు, మోషన్ ఎన్ని రోజులకోసారి అవుతోంది, ఈ మూడూ ఒక వారం రాసి డాక్టరుకు చూపించండి.