బీపీకీ మోకాలికీ ఏమిటి సంబంధం?

ఒక పాఠకురాలు ఇలా అడిగారు: "మా అమ్మాయికి ఎనిమిదో నెలలో బీపీ బాగా పెరిగితే ఆస్పత్రిలో చేర్చాం. రెండు తుంట్లకీ పెద్ద పెద్ద ఇంజెక్షన్లు చేశారు. అప్పట్నించీ నర్సమ్మ మాటిమాటికీ వచ్చి, చిన్న రబ్బరు సుత్తితో మోకాలి కింద కొట్టి, కాలు ఎగురుతోందో లేదో చూసి రాసుకుని వెళ్ళేది. అడిగితే 'చూడాలమ్మా' అంది తప్ప ఎందుకో చెప్పలేదు. బీపీకీ మోకాలికీ ఏమిటి సంబంధం?"

ఇలాంటి ప్రశ్న వస్తే నాకు పండగే. ఐరన్ మాత్రలు, టీకాలు, బరువు, పాలూ గుడ్లూ ఆకుకూరలూ అంగన్‌వాడీ గోడల మీదే రాసి ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. కానీ మోకాలి దగ్గరికి చేరాలంటే ముందు గర్భాశయం దాకా వెళ్ళి రావాలి.

గర్భాశయం గోడలో చుట్టలు తిరిగిన సన్నటి ధమనులు సుమారు వంద ఉంటాయి. మామూలు రోజుల్లో వాటి గోడల్లో కండరం ఉంటుంది, అవసరమైతే బిగుసుకుంటాయి. గర్భం నిలిచాక మాయ తాలూకు కణాలు ఆ ధమనుల్లోకి చొరబడి కండరాన్ని తొలగించేస్తాయి. సగం నెలలు గడిచేసరికి మాయవైపు ధమని నోరు అయిదు నుంచి పది రెట్లు వెడల్పవుతుంది. ఇక తల్లి భయపడినా, చలికి వణికినా అవి బిగుసుకోవు. నెలలు నిండేసరికి నిమిషానికి 600 మిల్లీలీటర్లకు పైగా రక్తం గర్భాశయానికి పారుతుంది.

కొందరిలో ఈ వెడల్పు పని సగంలోనే ఆగిపోతుంది. డాక్టర్లు ప్రీఎక్లాంప్సియా అనే గర్భిణుల బీపీ జబ్బుకి మొదలు ఇక్కడే. అక్కణ్ణించి జరిగేది కాలువ కింద సేద్యం చేసేవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. కాలువ చివరి పొలానికి తూము ఇరుకుగా ఉందనుకోండి. అందే నీరు తగ్గుతుంది. పైగా ఆ వచ్చే కాస్త నీరూ నెమ్మదిగా పరుచుకోకుండా చిమ్ముకుంటూ వచ్చి మొలకల్ని కొట్టేస్తుంది. మాయలోనూ అంతే. వెడల్పైన ధమని నుంచి రక్తం సెకనుకు 10 సెంటీమీటర్ల వేగంతో మెల్లగా దిగితే, వెడల్పు కాని దాని నుంచి సెకనుకు ఒకటి రెండు మీటర్ల వేగంతో దూసుకొస్తుందని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. తడి అందని రైతు ఊరుకోడు కదా! లాకుల దగ్గరికెళ్ళి మట్టం పెంచమని గొడవ చేస్తాడు. మట్టం పెంచితే చివరి పొలం కాస్త తడుస్తుందేమో గానీ, దారిపొడుగునా గట్లు కారడం మొదలవుతుంది. మాయ చేసే గొడవ పేరు ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1 అనే ప్రోటీన్. రక్తనాళాల లోపలి పొరను ఆరోగ్యంగా ఉంచే వృద్ధి కారకాల్ని అది పట్టేసుకుంటుంది. బోస్టన్‌లో అనంత్ కరుమంచి బృందం 2003లో ఈ సంగతి బయటపెట్టింది. లోపలి పొర దెబ్బతింటే నాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది, గట్లు కారతాయి. మూత్రపిండాల్లో కారితే మూత్రంలో ప్రోటీన్, చర్మం కింద కారితే ముఖానికీ చేతులకీ వాపు. కాలేయం దెబ్బతింటే కుడి డొక్క పైభాగంలో నొప్పి. మెదడు దాకా వస్తే ఫిట్స్. మన పెద్దవాళ్ళు గుర్రపువాతం అనేది దీన్నే. రైతుకి ఉద్దేశం ఉంటుంది, మాయకు అలాంటిదేమీ ఉండదన్న తేడా ఒక్కటి మర్చిపోకపోతే ఈ పోలిక చాలా దూరం నడుస్తుంది. అసలు చికిత్స కాన్పు చేసి మాయను బయటికి తీయడమే ఎందుకయిందో కూడా ఇక్కడే తెలుస్తుంది: గొడవ చేసే పొలాన్నే ఆయకట్టు నుంచి తప్పించడం అన్నమాట.

ఈ గొడవంతా జరుగుతున్నా తల్లికి చాలాసార్లు ఏమీ తెలియదు. అందుకే చూపించుకోడానికి వెళ్ళిన ప్రతిసారీ, ముఖ్యంగా ఇరవై వారాలు దాటాక, బీపీ పట్టీ కడతారు. 140/90 దగ్గర అనుమానం మొదలవుతుంది, 160/110 అయితే అత్యవసరం. ఆ పట్టీ కట్టడంలో ఎంత పనితనముందో! చెయ్యి గుండె మట్టానికి 10 సెంటీమీటర్లు కిందికి వేలాడితే బీపీ 7-8 అంకెలు ఎక్కువ చూపిస్తుంది. సన్నపు పట్టీని లావు చేతికి కట్టినా, ఆవిడ కబుర్లు చెబుతున్నా, మూత్రం ఆపుకుని కూర్చున్నా అంకె పెరుగుతుంది. జాకెట్టు చెయ్యి పైకి మడిచి బిగించిన చోట పట్టీ కట్టడం నేను చూడని ఆస్పత్రి లేదు. ఇంకో చోద్యం ఏమిటంటే, గ్రహణం రోజున కడుపుతో ఉన్న అమ్మాయిని కదలకుండా పడుకోబెట్టి కాపలా కాసే ఇంట్లో, ఆమె కార్డులో పోయిన నెల బీపీ ఎంతుందో ఒక్కరూ చెప్పలేరు.

ఇక ఇంజెక్షన్. అది మెగ్నీషియం సల్ఫేట్, ఒకప్పుడు విరేచనానికి తాగించిన ఎప్సమ్ ఉప్పే. ఇది ప్రధానంగా బీపీ మందు కాదు. బీపీకి లాబెటలాల్, నిఫెడిపిన్ వేరే ఇస్తారు. మెగ్నీషియం పని ఫిట్స్ రాకుండా చూడటం, వస్తే మళ్ళీ రాకుండా ఆపడం. ఫిట్స్‌కి వాడే డయాజెపామ్, ఫెనిటాయిన్ మందుల కంటే ఇదే మేలని 1995లో తేలింది. 2002లో 33 దేశాల్లో పదివేల మందికి పైగా గర్భిణుల మీద చేసిన 'మాగ్‌పై' అనే పరీక్షలో ఫిట్స్ ముప్పు సగానికి పైగా తగ్గింది. ఒక్కో చిన్న ఆంప్యూల్‌లో రెండు మిల్లీలీటర్లు, అంటే ఒక గ్రాము మందు. తుంటికి అయిదు చొప్పున పది ఆంప్యూల్స్ విరిచి కండరంలో లోతుగా ఇస్తారు. నొప్పి విపరీతం. పీహెచ్‌సీలో మొదటి డోసు ఇచ్చేసి పెద్దాస్పత్రికి పంపడం వల్ల దారిలో ఫిట్స్ వచ్చే ముప్పు తగ్గుతుంది.

ఇక మోకాలు. నరం చివర కండరానికి ఆజ్ఞ అందాలంటే కాల్షియం లోపలికి వెళ్ళి ఎసిటైల్‌కోలిన్ అనే కబురు మోసే రసాయనాన్ని విడుదల చేయించాలి. మెగ్నీషియం ఆ కాల్షియానికి అడ్డుపడుతుంది. రక్తంలో లీటరుకు 4 నుంచి 7 మిల్లీఈక్వివలెంట్లు ఉంటే ఫిట్స్‌కి కావలసినంత కాపుదల. సుమారు 10 దగ్గర మోకాలి ఎగురుడు పోతుంది. 12 దాటితే ఊపిరి తీసే కండరాలు మొరాయిస్తాయి. ఈ వరసే నర్సు చేతిలో ఆయుధం. ఊపిరి కంటే ముందే మోకాలు మూగబోతుంది కాబట్టి, ల్యాబ్ రిపోర్టు కోసం ఎదురుచూడకుండా మంచం పక్కనే మెగ్నీషియం మోతాదు పసిగట్టవచ్చు. మోకాలు ఎగిరినంతసేపూ ఊపిరికి ఢోకా లేదనే లెక్క.

నర్సింగ్ పిల్లలు "ఊపిరి 16, మూత్రం 30" అని ఎక్కాల్లా అప్పజెబుతారు. మూత్రం ఎందుకని అడిగితే సీలింగు వైపు చూస్తారు. మెగ్నీషియం ఒంట్లోంచి పోయే దారి మూత్రపిండాలే. గట్లు కారే జబ్బులో దెబ్బతినేవీ అవే. గంటకు 30 మిల్లీలీటర్లైనా రాకపోతే పోయే దారి మూసుకుంటోందని అర్థం, నాలుగు గంటలకోసారి ఇచ్చే మందులో తర్వాతి డోసు ఆపాలి. ఊపిరి నిమిషానికి 16 కంటే తగ్గినా, మోకాలు ఎగరకపోయినా అంతే. విరుగుడు పక్కనే సిద్ధంగా ఉండాలి: పది శాతం కాల్షియం గ్లూకోనేట్, పది మిల్లీలీటర్లు, సిరలోకి మెల్లగా. ఎవరు అడ్డుపడ్డారో వాళ్ళ మీదికి కాల్షియాన్నే తోలడం!

ఫిట్స్ వచ్చేస్తే చేతిలో తాళాల గుత్తి పెట్టడం, పళ్ళ మధ్య చెంచా దూర్చడం మన ఇళ్ళల్లో ఇంకా పోలేదు. తాళాలతో ఒరిగేదేమీ లేదు. చెంచాతో పళ్ళు విరుగుతాయి. ఎడమవైపు తిప్పి పడుకోబెట్టి, నోట్లో నురగ తుడిచి, 108కి ఫోన్ చేయాలి.

ముందే ముప్పు ఉందని తెలిసినవాళ్ళకి, అంటే వెనకటి కాన్పులో బీపీ వచ్చినవాళ్ళకీ, కవలలున్నవాళ్ళకీ, షుగరు లేదా కిడ్నీ జబ్బున్నవాళ్ళకీ డాక్టర్లు రోజూ కొద్ది మోతాదు ఆస్పిరిన్ ఇస్తారు. 16 వారాల లోపే మొదలుపెడితే మేలు. ఎనిమిదో నెలలో బీపీ కనబడ్డాక మొదలుపెట్టి లాభం లేదు.

మాయ బయటికి వచ్చిన మర్నాటికే అంతా సర్దుకుంటుందనుకుంటారు, కానీ సర్దుకోదు. అందుకే కాన్పయ్యాక కూడా 24 గంటలు మెగ్నీషియం ఆపరు. బీపీ మూడో రోజుకీ ఆరో రోజుకీ మధ్య మళ్ళీ పెరగవచ్చు. సరిగ్గా అప్పటికి అమ్మాయి పుట్టింట్లో ఉంటుంది. తలనొప్పి అంటే చల్లగాలి తగిలిందని చెవుల్లో దూది పెడతారు. దూది పెట్టినా పెట్టకపోయినా, బాలింతకి మాత్రకి తగ్గని తలనొప్పి వచ్చినా, కళ్ళ ముందు మెరుపులు కనిపించినా, కుడి డొక్క పైభాగంలో నొప్పి పెట్టినా ఆ రాత్రే బీపీ చూపించాలి. తెల్లారనిద్దాం అనుకోకూడదు.