కాయను చూసి గింజను నమ్మకండి: మిరప విత్తనాల పంపకంలో అపోహలు - వాస్తవాలు

"అండీ, మీరు పంపిన కాప్సికం గింజలే వేశాను. కాయ కాస్త చిన్నగా, మొనదేలినట్టు వచ్చింది. కోసి తింటే మంట. నీళ్లు తక్కువ పెట్టానంటారా? ఎరువు ఎక్కువైందంటారా? నా చేతిలోనే ఏదో లోపం ఉన్నట్టుంది."

పదేళ్లకు పైగా మిరప గింజలు తీసి తోటి పెరటితోటల వాళ్లకు పంచుతున్నాను. ఇలాంటి మెసేజ్ రాని సీజన్ లేదు. చదివిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. ఎందుకంటే తప్పు ఆమెది కాదు. నీళ్లదీ కాదు, ఎరువుదీ కాదు. ఆ గింజ నా దగ్గర బయల్దేరినప్పుడే అందులో కారం గుణం చేరిపోయింది. నారు పోసి, కుండీలు మార్చి, నాలుగైదు నెలలు కంటికి రెప్పలా చూసుకున్న మనిషి చివరికి తనను తాను తిట్టుకుంటోంది. అందుకే ఈసారి ఓపిగ్గా మొత్తం రాస్తున్నాను.

అపోహ: "కాయ అచ్చంగా ఆ రకమే, కాబట్టి లోపలి గింజ కూడా ఆ రకమే."

విత్తనాలు పంచుకునేవాళ్లకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే నమ్మకం ఇదే. "విత్తు ఒకటి వేస్తే చెట్టు ఒకటి మొలుస్తుందా" అని సామెత చెప్పేస్తాం. మిరప దగ్గర ఆ మాట చెల్లాలంటే తల్లితో పాటు తండ్రి ఎవరో కూడా తెలిసి ఉండాలి. కాయ తోలు, కండ, రంగు, ఆకారం అన్నీ తల్లి మొక్క ఒంట్లో భాగాలు. పుప్పొడి ఎక్కడి నుంచి వచ్చినా కాయ తల్లి పోలికతోనే ఉంటుంది. తండ్రి వాటా చేరేది గింజ లోపలికి మాత్రమే. కాయను ఎంత తిప్పి చూసినా, గింజను భూతద్దం కింద పెట్టినా ఆ వాటా కనిపించదు. తెలిసేది వచ్చే సీజన్‌లో, మీరు పంచిన పది ఇళ్లలో కాయ కాసినప్పుడు.

మిరప పువ్వు తన పుప్పొడితో తానే కాయ కట్టుకోగలదు. ఈ ఒక్క ముక్క విని "స్వపరాగ సంపర్కమే కదా, పురుగులు వాలకుండా పూతకు సంచులెందుకు" అంటారు. పొద్దున్నే విచ్చుకున్న పువ్వును దగ్గరగా చూడండి. ఊదా రంగు పుప్పొడి తిత్తులు ఇంకా పగలకుండా మూసుకునే ఉంటాయి, వాటి మధ్య నుంచి పుప్పొడిని అందుకునే కీలాగ్రం బయటికి తొంగిచూస్తూ ఉంటుంది. కొన్ని రకాల్లో అది తిత్తుల కంటే పొడుగ్గా ఉంటుంది. తిత్తులు పగిలి సొంత పుప్పొడి రాలేలోపు ఒక తేనెటీగో చిన్న ఈగో పక్క మొక్క మీద వాలి వచ్చిందంటే, ఆ కాయలో కొన్ని గింజలకు తండ్రి మారిపోయినట్టే. పరిశోధనల్లో ఈ పరపరాగ సంపర్కం కొన్ని చోట్ల నూటికి 10 లోపు, కొన్ని చోట్ల సగానికి పైగా కనిపించింది. రకాన్ని బట్టి, పురుగుల రాకపోకలను బట్టి అంత తేడా ఉంటుంది. కాబట్టి "మా తోటలో ఎప్పుడూ కలవలేదు" అన్న భరోసా ఇంకొకరి తోటకు పనికిరాదు.

ఆ కాప్సికం సంగతి చెబుతాను. ఆ ఏడు దానికి సంచి కట్టలేదు. ఒక్కటే కుండీ, పూత కూడా తక్కువ, పక్కన ఉన్నవి జలపెనో అనే కారం రకం మొక్కలు రెండే కదా అనుకున్నాను. కాయలు నున్నగా, బొద్దుగా, తియ్యగా వచ్చాయి. గింజలు తీసి పొట్లాలు కట్టాను. కాప్సికంలో కారం లేకపోవడానికి కారణం కారం తయారుచేసే జన్యువు పనిచేయకపోవడం. కారం గుణం బలమైనది, తీపి గుణం దాని ముందు నిలబడదు. తండ్రి నుంచి పనిచేసే జన్యువు ఒక్కటి వచ్చినా చాలు, పిల్ల మొక్క కాయ కారంగానే ఉంటుంది. నీళ్లు తగ్గితే జలపెనో లాంటి కారం రకాల్లో మంట పెరగొచ్చు గానీ, స్వచ్ఛమైన కాప్సికంలో ఎంత ఎండబెట్టినా కారం పుట్టదు. ఆమెకు ఇదంతా రాసి, క్షమాపణ చెప్పి, ఆ ఏడు ఆ పొట్లం తీసుకున్న మిగతా వాళ్లందరికీ కూడా ఫోన్లు చేశాను. ఇద్దరు అప్పటికే మొక్కలు పీకేశారు. ఒకరు ఆ గింజలను ఇంకో ముగ్గురికి పంచారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది అదే. పొట్లం మీద పేరు రాసి ఇస్తే, ఆ పేరుతోనే అది చేతులు మారిపోతూ ఉంటుంది.

దీనికి సరిగ్గా తిరగేసిన పుకారు ఒకటుంది. "కారం మొక్క పక్కన పెడితే ఈ ఏడే కాప్సికం కారమైపోతుంది" అని. ఇది విని కంగారుపడి కాసే మొక్కలను పీకేసిన వాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. ఈ ఏడు కాసే కాయకు ఏమీ కాదు, పక్కపక్కనే పెట్టుకుని హాయిగా తినండి. భయపడాల్సింది తినే కాయ గురించి కాదు, దాచే గింజ గురించి.

మరి చేయాల్సిందేమిటి? సంచి కట్టడం, అంతే. రేపు విచ్చుకునే మొగ్గ తెల్లగా ఉబ్బి ఉంటుంది, రేకులు ఇంకా విడవవు. అలాంటి మొగ్గలు నాలుగైదు ఉన్న కొమ్మను ఎంచుకోండి. ఆ కొమ్మ మీద అప్పటికే విచ్చిన పూలను, పిందెలను ఒక్కటి కూడా వదలకుండా గిల్లేయండి. బద్ధకించి ఒక్క పువ్వు వదిలేసినా పని చెడుతుంది. గిఫ్టులు పెట్టే పల్చటి నెట్ సంచి తొడిగి, కొమ్మ మొదలు దగ్గర మెత్తటి దారంతో వదులుగా కట్టండి. బిగిస్తే కొమ్మ నలిగి పూత రాలిపోతుంది. లోపల చీమలు, పేనుబంక లేకుండా ముందే చూసుకోండి. రోజూ పొద్దున కొంచెం ఎండెక్కాక సంచిని వేలితో రెండుసార్లు తట్టండి, పుప్పొడి రాలుతుంది. ఎండలు బాగా ముదిరితే పూత ఎలాగూ నిలవదు, టెన్షన్ పడకుండా చల్లబడ్డాక మళ్లీ ప్రయత్నించండి. పిందె శనగగింజంత అయ్యాక సంచి తీసేసి, ఆ కాయ తొడిమకు రంగు దారం కట్టండి. ఈ దారమే మీ సాక్ష్యం. గింజకు తీసేది దారం ఉన్న కాయలనే, మిగతావి వంటకు. ఒక్క మొక్కకు మూడు నాలుగు కాయలు చాలు, ఒక్కో కాయలో పదుల కొద్దీ గింజలుంటాయి. వీలుంటే ఒకే రకానివి నాలుగైదు మొక్కల నుంచి తీయండి.

"వేరే జాతి కదా, కలవదు" అనే మాట కూడా చాలామంది ధైర్యంగా చెబుతారు. సాగులో ఉన్న మిరప జాతులు ఐదు: యాన్యుమ్, చైనెన్సే, ఫ్రూటెసెన్స్, బక్కాటం, ప్యుబెసెన్స్. కాప్సికం, జలపెనో యాన్యుమ్‌లోవి, బాగా ఘాటైన హబనేరో చైనెన్సేలోది. యాన్యుమ్, చైనెన్సే, ఫ్రూటెసెన్స్ మూడూ ఒకదానితో ఒకటి కలుస్తాయి. నల్ల గింజల ప్యుబెసెన్స్ ఒక్కటే మిగతా వాటికి దూరంగా ఉంటుంది. కుండీలను ఆ మూలకొకటి ఈ మూలకొకటి జరిపితే సరిపోతుందనుకోవడం కూడా అంతే. విత్తనాలు పండించేవాళ్లు రకానికి రకానికి మధ్య వందల మీటర్ల దూరం వదులుతారు. పెరట్లో అది కుదిరే పని కాదు, పైగా పక్కింటి మొక్క మన చేతిలో ఉండదు.

హైబ్రిడ్ మొక్క నుంచి తీసిన గింజలు మొలవవంటారు. మొలుస్తాయి, బాగానే మొలుస్తాయి. వచ్చిన మొక్కలు ఒకదాని పోలిక ఒకదానికి ఉండదు, అదీ సంగతి. ప్యాకెట్ మీద ఎఫ్1 (హైబ్రిడ్ అని గుర్తు) అని ఉన్న రకం నుంచి తీసిన గింజను అదే పేరుతో ఎవరికీ ఇవ్వకండి. ప్రయోగానికి కావాలని అడిగిన వాళ్లకు విషయం చెప్పి ఇవ్వండి.

ఇక జబ్బుల గురించి. ఆకుముడత వచ్చిన మొక్క ఫొటో పెట్టి "దీని గింజలు పంచొచ్చా" అని ఆందోళనగా అడుగుతుంటారు. ముందు ముడత ఏదో చూడండి. ఆకు అంచులు పైకి ముడుచుకుని దోనెలా ఉంటే ఎక్కువగా తామర పురుగుల పని, కిందికి ముడుచుకుంటే ఎక్కువగా నల్లి. ఇవి గింజలో పోయేవి కావు. మొక్క కోలుకుని మంచి కాయ ఇస్తే గింజ తీసుకోవచ్చు. ఆకు మీద లేత పచ్చ, ముదురు పచ్చ మచ్చలు కలగలిసి మొజాయిక్‌లా కనిపిస్తే మాత్రం ఆగిపోండి. పొగాకు మొజాయిక్ వైరస్, దాని కుటుంబంలోనివి గింజ పైపొర మీద అంటుకుని వెళ్లి, నారు తీసేటప్పుడు వేళ్లకు అంటి మొక్క నుంచి మొక్కకు పాకుతాయి. 50 డిగ్రీల వేడి నీళ్లలో అరగంట నానబెట్టే పద్ధతి బ్యాక్టీరియా ఆకుమచ్చకు పనిచేస్తుంది గానీ, ఈ వైరస్ ఆ వేడికి చావదు. అనుమానం ఉన్న మొక్క గింజ నేనైతే ఒక్కటి కూడా బయటికి పంపను. కాయకుళ్లు మచ్చ ఉన్న కాయ నుంచి కూడా తీయను. మంచి కాయలు ఇంకా ఉంటాయి కదా.

మిగతావి గబగబా చెప్పేస్తాను. కారమంతా గింజల్లో ఉంటుందనేది తప్పు. అది గింజలు అతుక్కుని ఉండే తెల్లటి గుజ్జులో తయారవుతుంది, గింజలకు పైన అంటుకుంటుంది. అయినా గ్లౌజులు వేసుకునే గింజలు తీయండి, ఆ చేత్తో కన్ను నలుపుకుంటే గంటసేపు నరకం. నీళ్లలో తేలిన గింజలు తాలువని పారబోయకండి, మిరప గింజ తేలికైనది, మంచివి కూడా తేలుతాయి. పచ్చికాయ గింజలు ముదరవు, కాయ చెట్టు మీదే పూర్తిగా పండాలి. వారంలో మొలవలేదని గింజలిచ్చిన వాళ్లను నిందించకండి. మట్టి 25-30 డిగ్రీల వెచ్చదనంలో ఉంటే మామూలు రకాలు ఒకటి రెండు వారాల్లో వస్తాయి, హబనేరో లాంటి చైనెన్సే రకాలు నెల కూడా తీసుకుంటాయి. గింజలు దేశం దాటించాలంటే కవర్లో పెట్టి పోస్టు చేసేయడం కుదరదు. చాలా దేశాలు ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (తెగుళ్లు, పురుగులు లేవనే ధ్రువపత్రం) అడుగుతాయి.

ఆరబెట్టడం దగ్గర మాత్రం కాస్త ఆగాలి. ఎంతో ఇష్టంగా పంపిన గింజలు దారిలోనే పాడైపోయేది ఇక్కడే. ఒకసారి నాకు జిప్ కవర్లో హబనేరో గింజలు వచ్చాయి. కవర్ లోపలి వైపు చెమట పట్టినట్టుంది, గింజలు ఒకదానికొకటి అంటుకుని గోధుమ రంగుకు తిరిగాయి, విప్పగానే బూజు వాసన. పంపిన అబ్బాయి రెండు రోజులు ఆరబెట్టానన్నాడు. మిరప గింజకు రెండు రోజులు చాలవు. నీడలో, గాలి ఆడే చోట, పింగాణీ పళ్లెంలో పల్చగా పరిచి, రోజుకోసారి కదుపుతూ కనీసం పది రోజులు ఉంచండి. కాగితం మీద వేస్తే అతుక్కుపోతాయి. 35 డిగ్రీలు దాటిన వేడి తగలనీయకండి. గింజను వంచితే వంగకుండా పుటుక్కున విరగాలి. ఆ తర్వాత తేమ పీల్చే సిలికా జెల్‌తో పాటు సీసాలో పెట్టి, మూత బిగించి వారం ఉంచండి. విత్తన నిల్వలో హారింగ్టన్ సూత్రం ఒకటుంది: గింజలో తేమ 1 శాతం తగ్గినా, నిల్వ ఉంచే చోటు 5 డిగ్రీలు చల్లబడినా గింజ ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుంది. ఆరని గింజను ఫ్రిజ్‌లో పెట్టి ఉపయోగం లేదు, ఆరినదైతే మూడు నాలుగేళ్లు నిశ్చింత. పోస్టులో పంపేటప్పుడు అట్ట ముక్కల మధ్య పెట్టండి, ఉత్త కవర్లో వేస్తే ముద్రలు కొట్టే యంత్రాల్లో నలిగి పొడవుతాయి.

పొట్లం మీద నేను రాసేవి ఐదు: రకం పేరు, జాతి, గింజ తీసిన సంవత్సరం, పది గింజలు వేసి చూస్తే ఎన్ని మొలిచాయో ఆ లెక్క, ఐదోది "సంచి కట్టినది" లేదా "సంచి కట్టనిది". సంచి కట్టని గింజ పంచడంలో తప్పేమీ లేదు, ఆ మాట రాయకపోవడమే తప్పు. తీసుకునేవాళ్లు కూడా నిర్మొహమాటంగా అడగండి, అడిగితే బాధపడే వాళ్లెవరూ ఉండరు.

మీ చేతికి వచ్చిన గింజను ఇంకొకరికి ఇచ్చే ముందు, ప్రతి మొక్క నుంచీ మొదటి కాయను కోసి చూడండి. కొన కొరికితే తెలియదు. తొడిమ వైపు తెల్లగుజ్జు దగ్గర చాకు మొనతో ఆవగింజంత తీసి నాలుక మీద పెట్టుకోండి. కాప్సికం అనుకున్న మొక్కలో అక్కడ మంట తగిలితే, దాని గింజలు మీ ఇంట్లోనే ఉండనివ్వండి.