రంధ్రంలో ఇరుక్కునే రాయి

చిరంజీవులైన పిల్లలకు, తాతయ్య ఆశీస్సులు.

ఐటీఐలో ఫిట్టర్ ట్రేడులో చేరారని తెలిసి చాలా సంతోషించాను. మొదట్లో చేతికి ఆకురాయి ఇచ్చి, అరచేతులు బొబ్బలెక్కేదాకా రుద్దిస్తారు. విసుక్కోకండి. అంచు అంటే ఏమిటో చేతికి తెలిసేది అప్పుడే.

ఇనుప పలకకు డ్రిల్లుతో రంధ్రం వేసి, వెనక్కి తిప్పి చూడండి. బిట్టు బయటికి వచ్చిన వైపు అంచు చుట్టూ సన్నని పదునైన పొర లేచి ఉంటుంది. అదే బర్. వేలితో తడమకండి, కోసుకుపోతుంది. దూదిని అంచు మీదుగా నడిపించండి, పోగులు ఎక్కడ పట్టుకుంటే అక్కడ బర్ ఉన్నట్టు. చమురుతో నడిచే వాల్వులో ఇంత చిన్న పొర విరిగి పడినా వాల్వు బిగుసుకుపోయి, దాని మీద ఆధారపడ్డ యంత్రమంతా ఆగిపోతుంది.

బర్ తీయడానికి, పది ఇరవై ముక్కలైతే ఆకురాయి, అంచు గీకే స్క్రేపర్, రంధ్రం అంచును ఏటవాలుగా చెక్కే కౌంటర్‌సింక్ చాలు. వేలల్లో ఉంటే వైబ్రో యంత్రం కావాలి. స్ప్రింగుల మీద కంపించే తొట్టిలో ముక్కలను, రుద్దడానికే తయారుచేసిన చిన్న చిన్న రాళ్లను, నీటిని, సబ్బు లాంటి ద్రావణాన్ని కలిపి వేస్తారు. రాళ్లు ముక్కలను రుద్దుతూ తిరుగుతాయి. ముక్కలు ఒకదానికొకటి కొట్టుకోకుండా ఒక పాలు ముక్కలకు కనీసం మూడు పాళ్ల రాళ్లు వేయాలి. సున్నితమైన ముక్కలైతే ఇంకా ఎక్కువ.

ఉక్కుకు సిరామిక్ రాళ్లు బాగా పనిచేస్తాయి. అల్యూమినియం, ఇత్తడి మెత్తనివి కాబట్టి వాటికి ప్లాస్టిక్ రాళ్లు మేలు. రెసిన్‌లో గరుకు పొడి కలిపి అచ్చుపోస్తారు కనుక అవి తేలికగా ఉంటాయి, ముక్క మీద గుంటలు పడవు. ఉక్కు గుండ్లు కోత పెట్టవు, మెరుపు తెస్తాయి. గింజలు ఒలిచిన మొక్కజొన్న కండెలను దంచి చేసిన పలుకులు తడి పీల్చుకోవడానికి వాడతారు.

ఇక రాయి కొలత. నాకు బాగా నొప్పి కలిగించి నేర్పిన పాఠం ఇది. బాలానగర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో పనిచేసే రోజుల్లో అల్యూమినియం పలకలు చేసేవాళ్లం. రంధ్రం 8 మిల్లీమీటర్లు, రాళ్లు 10 మిల్లీమీటర్లు. నెలల తరబడి ఏ ఇబ్బందీ రాలేదు. ఒక సాయంత్రం తొట్టి ఖాళీ చేస్తే పలక పలకలోనూ రాళ్లు బిగుసుకుని ఉన్నాయి. రోజూ రుద్దుకుంటూ అరిగి అరిగి, అవి సరిగ్గా రంధ్రం కొలతకు వచ్చేశాయి. రాత్రంతా కూర్చుని వెదురు పుల్ల ఆనించి, చిన్న సుత్తితో తట్టి ఒక్కొక్కటే బయటికి తీశాం. ఇనుప కడ్డీ వాడితే రంధ్రం గీసుకుపోతుంది మరి. అప్పటి నుంచి రాళ్లను తరచూ జల్లెడ పట్టి, అరిగినవి తీసేసేవాణ్ణి. రాయి రంధ్రం కంటే బాగా పెద్దదైనా కావాలి, రంధ్రం కొలతలో మూడో వంతు కంటే చిన్నదైనా కావాలి. సగం కొలత రాళ్లు కూడా రెండు కలిసి అడ్డం పడతాయి.

ముక్క లోపల రెండు రంధ్రాలు కలిసే చోట లేచిన బర్‌కు ఏ రాయీ అందదు. అలాంటి వాటిని గట్టిగా మూసిన గదిలో పెట్టి, మండే వాయువును ఆక్సిజన్‌తో కలిపి అంటిస్తారు. 2,500 డిగ్రీలు దాటిన మంట కొన్ని మిల్లీసెకన్లు మాత్రమే ఉంటుంది. ఆ కాస్తలో పలుచని బర్ కాలిపోతుంది, దళసరి ముక్క చెక్కుచెదరదు. వెంట్రుకలా సన్నని ఉక్కు పీచు నిప్పంటుకుంటే మండుతుంది గానీ ఉక్కు గరిటె మండదు కదా, అలాగే. ఇది ఇంట్లో చేసి చూడకండి.

తిరిగే డ్రిల్లు దగ్గర చేతికి గుడ్డ తొడుగులు వేసుకోకండి. కళ్లకు రక్షణగా పెట్టుకునే అద్దాలు మాత్రం మరవకండి. మీరు వేసిన మొదటి రంధ్రం కొలత ఎంతో, బర్ ఏ వైపు ఎక్కువగా లేచిందో వచ్చే ఉత్తరంలో రాయండి.

మీ తాతయ్య