ఇంటికొచ్చాక కూడా మాత్రలు మానొద్దు: విదేశీ డ్యూటీ జవాన్ల గురించి అపోహలు - వాస్తవాలు

ఆర్మీ మెడికల్ కోర్‌లో డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాక కడపలో ప్రాక్టీసు చేస్తున్నాను. మా జిల్లాలోనూ, పక్కనున్న కర్నూలు, అనంతపురంలోనూ పిల్లల్ని సైన్యానికి పంపిన ఇళ్ళు చాలా ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి శాంతి సేనలో కాంగోకో దక్షిణ సూడాన్‌కో పేరు పడిందని తెలియగానే ఆ ఇంటివాళ్ళు నా దగ్గరికి వస్తారు. అడిగేది ఒకటే. "ఏం సార్, ఆడ ఎబోలా ఉందంట కదా, మా పిల్లోనికి ఏం గాదు కదా?"

ఆ భయం నాకు తెలుసు. ముసుగులేసుకుని శవాలు మోసేవాళ్ళను టీవీలో చూసిన తల్లికి నిద్ర ఎట్లా పడుతుంది? కానీ ఎబోలా గురించి అంత టెన్షన్ పడేవాళ్ళలో మలేరియా రాకుండా వేసుకునే మాత్రల సంగతి అడిగినవాళ్ళు దాదాపు లేరు. నేను చూసినంతలో విదేశీ డ్యూటీకి పోయిన పిల్లల్ని మంచాన పడేసింది మలేరియానే. అందుకే ముందు దాని గురించి చెబుతాను.

అపోహ: "మలేరియా మనకేమన్నా కొత్తా? ఆ మాత్రలు వేడి చేస్తాయి. ఇంటికొచ్చాక ఇంక దేనికి?"

ఒక్క మాటలో మూడు తప్పులున్నాయి. చిన్నప్పుడు ఇక్కడ చలిజ్వరం వచ్చి తగ్గినంత మాత్రాన ఆఫ్రికాలో రక్షణ ఉండదు. అక్కడ ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం. మెదడుకూ మూత్రపిండాలకూ ఎక్కి ప్రాణం తీసే రకం అది. పాత మలేరియా మందు క్లోరోక్విన్‌కు లొంగడం ఎప్పుడో మానేసింది. బలమైన ఒళ్ళు, కఠినమైన శిక్షణ కూడా దాన్ని ఆపవు. 2003లో అమెరికా మెరైన్ సైనికులు 290 మంది ఆఫ్రికాలోని లైబీరియాలో దిగితే 80 మందికి మలేరియా వచ్చింది. వాళ్ళకూ మాత్రలు ఇచ్చారు. చాలామంది సరిగ్గా వేసుకోలేదు, దోమతెరలు వాడలేదు.

ఇంటికొచ్చాక కూడా ఎందుకు వేసుకోవాలంటే, దోమ కుట్టగానే క్రిమి రక్తంలో ఉండిపోదు. ముందు కాలేయంలో చేరి, వారం పది రోజులు అక్కడ పెరిగి, ఆ తర్వాత రక్తంలోకి దిగుతుంది. మెఫ్లోక్విన్, డాక్సీసైక్లిన్ అనే మాత్రలు దాన్ని చంపేది రక్తంలోకి వచ్చాకే. విమానం ఎక్కే ముందు రాత్రి కుట్టిన దోమ జ్వరం, కడపలో అమ్మ చేతి సంగటి తినేటప్పుడు బయటపడొచ్చు. అందుకే మెఫ్లోక్విన్ వారానికొకటి, డాక్సీసైక్లిన్ రోజుకొకటి, వచ్చేశాక ఇంకా నాలుగు వారాలు వేసుకోవాలి. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే ఏడు రోజులు చాలు. ఏది వాడాలో యూనిట్ డాక్టరు చెబుతారు. సొంతంగా మార్చుకోవద్దు.

వేడి సంగతికి వస్తే, డాక్సీసైక్లిన్ పరగడుపున వేసుకుంటే గుండెల్లో మంట పుడుతుంది. ఎండకు చర్మం కమిలిపోతుంది కూడా, అదీ మన కడప ఎండకు. దాన్నే జనం వేడి అంటారు. అన్నం తిన్నాక, గ్లాసు నిండా నీళ్ళతో మింగి, వెంటనే పడుకోకుండా ఉంటే మంట చాలావరకు ఉండదు. మెఫ్లోక్విన్‌తో కొందరికి పీడకలలు వస్తాయి, మనసు కలతగా ఉంటుంది. అట్లాంటప్పుడు డాక్టరుకు చెబితే వేరే మాత్ర ఇస్తారు. చెప్పకుండా మానేయడమే ప్రమాదం. ఇక ఆ మాత్రలతో పిల్లలు పుట్టరన్నది పుకారు. వాట్సాప్‌లో అది పంపేవాళ్ళను చూస్తే నాకు కోపం ఆగదు.

కొన్నేళ్ళ కిందట ప్రొద్దుటూరు దగ్గరి పల్లె నుంచి ఒక కుర్రాణ్ణి తీసుకొచ్చారు. ఆఫ్రికా డ్యూటీ ముగించుకుని సెలవు మీద వచ్చినవాడు. రెండో వారంలో చలిజ్వరం పట్టుకుంది. ఊళ్ళో ఆర్‌ఎంపీ సూది వేసి సెలైన్ పెట్టాడు. టౌన్లో ఒక ఆసుపత్రిలో ప్లేట్‌లెట్లు తక్కువున్నాయని చూసి డెంగీ అన్నారు. మలేరియాలోనూ ప్లేట్‌లెట్లు పడిపోతాయి. కానీ ఎక్కడి నుంచి వచ్చావని ఆ అబ్బాయిని ఎవరూ అడగలేదు. నా దగ్గరికి వచ్చేసరికి కళ్ళు పచ్చబడి, మాట తడబడుతోంది. రక్తం చుక్క మైక్రోస్కోపు కింద పెడితే ఎక్కడ చూసినా ఫాల్సిపారమే. ఆర్టిసునేట్ ఇంజెక్షన్ మొదలుపెట్టి పెద్దాసుపత్రికి పంపించాం. బతికాడు. వాళ్ళమ్మ సంచిలోంచి సగం మిగిలిన మాత్రల షీటు తీసి, "వేడి చేస్తాయని నేనే వద్దంటి సార్" అని ఏడ్చింది. ఆమెనేమంటాం? ఆ మాత్రలు ఎందుకో ఆమెకు చెప్పినవాళ్ళే లేరు.

కాబట్టి అక్కడి నుంచి వచ్చిన మూడు నెలల్లోపు జ్వరం వస్తే, డాక్టరు అడిగినా అడక్కపోయినా ముందు "నేను ఆఫ్రికా నుంచి వచ్చినా" అని చెప్పాలి. అదే రోజు మలేరియా పరీక్ష చేయించాలి. ఒకసారి నెగటివ్ వస్తే సరిపోదు, జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్ళీ చేయాలి. పెద్ద మిలిటరీ ఆసుపత్రి సికింద్రాబాద్‌లోనో బెంగళూరులోనో ఉందని ఆగొద్దు. దగ్గర్లోని పెద్దాసుపత్రిలో చేర్చి యూనిట్‌కు ఫోన్ చేయండి.

అపోహ: ఎబోలా గాలిలో వస్తుంది, అక్కడ అడుగుపెడితే చాలు అంటుకుంటుంది.

కాదు. లక్షణాలున్న రోగి రక్తం, వాంతి, విరేచనం వంటివి తగిలితే సోకుతుంది. శవాన్ని ముట్టుకున్నా సోకుతుంది. ఎబోలా చెలరేగిన 2014లో అమెరికా దాదాపు 2,800 మంది సైనికుల్ని అదే లైబీరియాకు పంపింది. చికిత్స కేంద్రాలు కట్టారు, సిబ్బందికి శిక్షణ ఇచ్చారు, రోగుల్ని మాత్రం ముట్టుకోలేదు. చేతులు క్లోరిన్ నీళ్ళతో కడుక్కున్నారు, రోజుకు రెండుసార్లు టెంపరేచర్ చూసుకున్నారు. ఒక్కరికీ ఎబోలా రాలేదు. రోగులకు సేవ చేసేవాళ్ళ పరిస్థితి వేరు. పక్కదేశం సియెర్రా లియోన్‌లో 2015 మార్చిలో బ్రిటన్ సైనిక నర్సు ఒకరికి సోకింది, లండన్‌లో కోలుకున్నారు. రక్షణ దుస్తులు తొడుక్కునేటప్పటి కన్నా విప్పేటప్పుడే ప్రమాదం ఎక్కువ. అందుకే పక్కన ఇంకొకరు నిలబడి ఒక్కొక్కటీ చెబుతుంటే విప్పుతారు. 2018-20లో కాంగోలో ఎబోలా చెలరేగింది మన సైన్యం ఉన్న ఉత్తర కివు రాష్ట్రంలోనే. అప్పటికి టీకా కూడా వచ్చేసింది.

అపోహ: "మావాడు ఆరోగ్యంగా ఉన్నాడు. ఇన్ని పరీక్షలు, టీకాలు దేనికి?"

అక్కడివాళ్ళ కోసం కూడా. ఆరోగ్యంగా కనిపించే జవాను కూడా తెలియకుండా రోగాన్ని మోసుకుపోవచ్చు. 2010లో హైతీలో శాంతి సేన శిబిరం మురుగు నదిలో కలిసి కలరా పాకింది. దాదాపు పదివేల మంది చనిపోయారు. 2016లో ఐక్యరాజ్యసమితి క్షమాపణ చెప్పింది.

అపోహ: తిరిగొచ్చినవాణ్ణి భార్యాబిడ్డలకు దూరంగా పెట్టాలి.

మలేరియా ముట్టుకుంటే రాదు. ఎబోలా సోకితే 21 రోజుల్లోపు బయటపడాలి. సోకే అవకాశమున్న చోట పనిచేసినవాళ్ళను ఆ గడువు దాటేదాకా గమనిస్తారు. అది దాటి ఇంటికొచ్చినవాణ్ణి అనుమానంగా చూడొద్దు. ఇరుగుపొరుగు దూరం జరగడం చూసి కుమిలిపోయిన భార్యలు నాకు తెలుసు.

చివరిగా, ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. టీకా వేసినట్టు ఇచ్చే పసుపురంగు కార్డు 2016 నుంచి జీవితాంతం చెల్లుతుంది. ట్రంకుపెట్టెలో భద్రంగా పెట్టించండి, మళ్ళీ పోవాల్సొస్తే అదే కార్డు చూపించొచ్చు.